ఈఎన్‌టీ పోస్టింగ్‌కు వెళ్లే ముందు: చెవి, ముక్కు, గొంతు గురించి విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా కొత్త బ్యాచ్ ఈఎన్‌టీ పోస్టింగ్‌కు వచ్చిన మొదటి వారంలో నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబు అయిపోతుంది, కొన్నింటికి కాస్త కూర్చోవాలి. వైవాలోనే కాదు, ఓపీలో రోగి ఎదురుగా కూర్చున్నప్పుడూ పనికొచ్చేలా రాశాను.

చిన్న సబ్జెక్టే కదా, అనాటమీ ఇంత లోతుగా ఎందుకు చదవాలి?

మధ్యచెవి కొలతలు చూడండి. ఎత్తు 15 మిల్లీమీటర్లు, ముందు నుంచి వెనక్కి 15. వెడల్పు మాత్రం పైన 6, అడుగున 4, నడుమ కేవలం 2. ఆ ఇరుకు గదికి పైకప్పు ఒక పల్చటి ఎముక పలక. దాని మీదే మెదడులోని టెంపోరల్ లోబ్ ఉంటుంది. నేల కింద జుగులర్ బల్బ్ అనే పెద్ద సిర. ముందు గోడ అవతల కెరోటిడ్ ధమని. లోపలి గోడలో ఓవల్ విండోకు (లోపలి చెవిలోకి తెరుచుకునే చిన్న కిటికీ) కాస్త పైన, ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నెర్వ్ పోతుంటుంది, కొందరిలో దాని మీద ఎముక తొడుగు కూడా ఉండదు. వెనక గోడలో ఏడిటస్ అనే దారి చెవి వెనకాల ఉండే మాస్టాయిడ్ ఎముక వైపు తెరుచుకుంటుంది.

ఈ ఇరుగుపొరుగు తెలిస్తే, చెవిలో చీము ఉన్న మనిషికి మూతి ఎందుకు వంకర పోయిందో, మెదడులో గడ్డ ఎలా వచ్చిందో బట్టీ పట్టక్కర్లేదు. చీము ఏ గోడను తినేసిందో చెబితే కాంప్లికేషన్ పేరు మీరే చెప్పేస్తారు.

పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. అప్పటి పేర్లు ఇప్పుడు పనికొస్తాయా?

బ్రహ్మాండంగా పనికొస్తాయి. మాలియస్, ఇంకస్, స్టేపిస్ అంటే మీరు చదువుకున్న కూటకం, దాగలి, అంకవన్నె. దాగలి అంటే కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ, అంకవన్నె అంటే గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే కొక్కెం. పేరులోనే బొమ్మ ఉంది. టింపానిక్ మెంబ్రేన్ అంటే కర్ణభేరి, కాక్లియా అంటే కర్ణావర్తం, లారింక్స్ అంటే స్వరపేటిక.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ఎపిగ్లాటిస్‌ను చూపించి కొండనాలుక అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కొండనాలుక అంటే నోరు తెరిస్తే వేలాడుతూ కనిపించే యువులా. ఎపిగ్లాటిస్ మన పాఠాల్లోని ఉపజిహ్విక. అది నాలుక మొదలుకి వెనకాల ఉంటుంది, పెద్దవాళ్లలో అద్దం పెట్టి చూస్తే తప్ప సాధారణంగా కనిపించదు.

రోగి చెప్పేది కేస్ షీట్‌లో ఎలా రాయాలో తెలియడం లేదు. ఏం చేయాలి?

నా దృష్టిలో ఈ పేజీలోని ప్రశ్నల్లో ముఖ్యమైనది ఇదే. రోగి అన్న మాటను వెంటనే ఇంగ్లిష్‌లోకి మార్చకండి. ముందు ఆ మాటనే రాసుకోండి, ఎందుకంటే తెలుగులో సగం డయాగ్నసిస్ ఆ మాటలోనే ఉంటుంది.

"కళ్లు తిరుగుతున్నాయి" అనగానే చాలామంది వర్టిగో అని రాసేస్తారు. ఆగి, "ఎలా తిరుగుతున్నాయమ్మా?" అని అడగండి. "ఇల్లంతా గిర్రున తిరిగినట్టు ఉంది" అంటే వర్టిగో. "లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి" అంటే ముందు బీపీ చూడండి, రక్తహీనత గురించి ఆలోచించండి. "నడుస్తుంటే తూలుతున్నాను" అంటే అది ఇంకొక దారి. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ గిడ్డీనెస్ అని రాసి ఊరుకుంటే పని మొదటికొస్తుంది.

"పొలమారుతోంది" అన్న మాట ఇంకా విలువైనది. ఇంట్లో ఎవరికైనా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తి మీద తడతాం. కానీ థైరాయిడ్ ఆపరేషన్ అయిన మనిషి "అన్నం బాగానే దిగుతోంది, నీళ్లు తాగితేనే పొలమారుతోంది" అంటే, మింగేటప్పుడు స్వరతంత్రులు పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడాలి. అదే మనిషి గొంతు బొంగురు పోయిందని కూడా చెబితే అనుమానం బలపడినట్టే.

"చెవి కారుతోంది" అంటే ఎంత, ఏ రంగు, వాసన ఉందా అని తప్పకుండా అడగండి. గుబిలి మెత్తబడి కారినా కొందరు చీము అనే అంటారు. "గవదలు లేచాయి" అంటే కొందరు టాన్సిల్స్ గురించి, కొందరు దవడ కింద గడ్డల గురించి, కొందరు నిజంగానే గవదబిళ్లల గురించి చెబుతారు. వేలు పెట్టి చూపించమనండి, అదే తేలిక.

చెవిలోకి చూసే ఓటోస్కోప్ పెట్టేటప్పుడు చెవిని ఎటు లాగాలి?

పెద్దవాళ్లకు పైకి, వెనక్కి. పసిపిల్లలకు కిందికి, వెనక్కి. చెవి కాలువ పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. బయటి 8 మృదులాస్థి, లోపలి 16 ఎముక. వెంట్రుకలు, గుబిలి గ్రంథులు బయటి భాగంలోనే ఉంటాయి. కాబట్టి చెవిలో సెగగడ్డ లేచేదీ అక్కడే. లోపలి భాగం చర్మం పల్చన, తగిలితే ప్రాణం పోయినంత నొప్పి. స్పెక్యులమ్‌ను (ఓటోస్కోప్ గొట్టపు కొసను) బయటి భాగం దాటనివ్వకండి. చెవిలో చెయ్యి పెట్టగానే రోగి దగ్గితే కంగారు పడొద్దు. అక్కడ వేగస్ శాఖ అయిన ఆర్నాల్డ్ నెర్వ్ ఉంది.

రిన్నే, వెబర్ ఎప్పుడూ తారుమారు అవుతున్నాయి. గుర్తుండే దారి ఉందా?

పుస్తకం మూసి, ఇప్పుడే మీ కుడి చెవిని వేలితో గట్టిగా మూయండి. నోరు తెరవకుండా "మ్" అనండి. శబ్దం ఎటు వినిపించింది? మూసిన కుడివైపే. అదే వెబర్: మోగుతున్న ట్యూనింగ్ ఫోర్క్‌ను నుదుటి నడుమ పెట్టి, శబ్దం ఎటు వినిపిస్తోందని అడిగే పరీక్ష. కండక్టివ్ లోపం ఉంటే, అంటే శబ్దం లోపలి చెవికి చేరడంలో అడ్డు ఉంటే, శబ్దం జబ్బు చెవి వైపుకే పోతుంది. సెన్సరీన్యూరల్ లోపం ఉంటే ఆ చెవి నరమే బలహీనం కాబట్టి మంచి చెవి వైపు పోతుంది.

రిన్నేలో ఫోర్క్‌ను ఒకసారి చెవి ముందు, ఒకసారి మాస్టాయిడ్ మీద పెడతాం. గాలి ద్వారా వినిపించేది ఎముక ద్వారా వినిపించేదాని కంటే ఎక్కువగా ఉంటే పాజిటివ్, అంటే మామూలు. తారుమారైతే నెగటివ్. పాజిటివ్ అనగానే జబ్బు అనుకునే అలవాటు వేరే ల్యాబ్ రిపోర్టుల నుంచి వచ్చింది, ఇక్కడ దాన్ని పక్కన పెట్టండి. సెన్సరీన్యూరల్ లోపంలో కూడా రిన్నే పాజిటివ్‌గానే వస్తుంది, రెండూ తగ్గుతాయి కానీ వరుస మారదు.

ఒక ఉచ్చు ఉంది. ఒక చెవి పూర్తిగా చచ్చిపోయిన రోగికి మాస్టాయిడ్ మీద ఫోర్క్ పెడితే "వినిపిస్తోంది" అంటాడు. వింటున్నది ఆ చెవి కాదు, ఎముక ద్వారా శబ్దం అందుకున్న రెండో చెవి. దీన్ని ఫాల్స్ నెగటివ్ రిన్నే అంటారు. వెబర్ మంచి చెవి వైపు పోతే దొంగ దొరికినట్టే.

ఫోర్క్ 512 హెర్ట్జ్‌ది తీసుకోండి. తక్కువ ఫ్రీక్వెన్సీ ఫోర్క్‌ల కంపనం చర్మానికి తెలుస్తుంది, రోగి విన్నానని పొరబడతాడు. ఎక్కువ ఫ్రీక్వెన్సీవి త్వరగా ఆగిపోతాయి. మోచేతి మీదో అరచేతి మడమ మీదో కొట్టండి, బల్ల అంచు మీద కాదు.

మధ్యచెవి శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచుతుంది? ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె ఉంది.

కర్ణభేరిలో పనిచేసే వైశాల్యాన్ని ఎంతగా లెక్కగట్టారనే దాన్ని బట్టి అంకె మారుతుంది. 45 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, స్టేపిస్ పాదం 3.2 కాబట్టి 14 రెట్లు. ఎముకల లీవర్ 1.3 రెట్లు. మొత్తం 18. 55 అని తీసుకుంటే 17 రెట్లు, మొత్తం 22. ఏదైనా ఒక లెక్కను మొదటి నుంచి చివరి దాకా చెప్పండి, సగం ఇక్కడ సగం అక్కడ కలపొద్దు.

చెవిలో చీము: సేఫ్, అన్‌సేఫ్ తేడా అంత ముఖ్యమా?

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకుని తీసుకొచ్చింది. "చీము ఎక్కువేం కారదండీ, వాసనే భరించలేకపోతున్నాం. బడిలో పక్కన ఎవరూ కూర్చోవడం లేదంట" అంది. చెవిలోకి చూశాను. కర్ణభేరి కింది భాగమంతా శుభ్రంగా ఉంది. పైన అటిక్ (మధ్యచెవి పై భాగం) దగ్గర గోధుమరంగు పెచ్చు ఒకటి అతుక్కుని ఉంది. గుబిలి అనుకున్నాను. చుక్కల మందు రాసి పంపేశాను. మూడు వారాలకు అదే పిల్లాడు మూతి వంకరతో వచ్చాడు. ఆ రోజు మా సీనియర్ మైక్రోస్కోప్ కింద ఆ పెచ్చును మెల్లగా తీస్తే వెనక తెల్లటి కెరటిన్ పొరలు, తెరిచిన గూడులా కనిపించాయి. ఆపరేషన్ అయ్యింది, మూతి కొన్ని నెలలకు సర్దుకుంది. ఆ తల్లి చెప్పిన ఒక్క వాక్యంలోనే డయాగ్నసిస్ మొత్తం ఉంది, నేనే వినలేదు.

సేఫ్ రకంలో, అంటే మ్యూకోజల్ జబ్బులో, రంధ్రం కర్ణభేరి బిగువు భాగమైన పార్స్ టెన్సాలో ఉంటుంది. చీము జిగటగా, ఎక్కువగా, వాసన లేకుండా, జలుబు చేసినప్పుడల్లా వస్తుంది. అన్‌సేఫ్ రకంలో, అంటే స్క్వామోజల్ జబ్బులో, రంధ్రం అటిక్‌లోనో వెనక అంచునో ఉంటుంది. చీము కొంచెమే, కానీ కుళ్లు వాసన. ఆ వాసనకు కారణం కొలెస్టియటోమా. పేరులో కొలెస్ట్రాల్ ఉంది, ట్యూమర్ ఉంది, నిజానికి రెండూ కాదు. ఉండకూడని చోట పెరుగుతున్న చర్మం అది. పొరలు పొరలుగా రాలుస్తూ, చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. 1838లో యోహానెస్ ముల్లర్ పెట్టిన పేరు ఇప్పటికీ మారలేదు.

"వినికిడి బాగానే ఉంది కదా" అని ధీమా పడకండి. ఎముకల గొలుసు తెగిన చోట కొలెస్టియటోమాయే వంతెనలా నిలబడి శబ్దాన్ని చేరవేస్తుంటుంది. చీము కారే చెవి ఉన్న మనిషికి జ్వరం, తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, మూతి వంకర, చెవి వెనక వాపు, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే పెద్ద డాక్టర్‌కు చూపించండి, మర్నాటికి వాయిదా వేయొద్దు.

మందు విషయంలో ఒక మాట. కర్ణభేరికి రంధ్రం ఉన్నప్పుడు జెంటామైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్ చుక్కలు లోపలి చెవికి ప్రమాదం కావచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి క్వినలోన్ చుక్కలు మేలు. కాచిన నూనె, వెల్లుల్లి నూనె పోస్తున్నారేమో అడగండి. పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురుపుల్ల గురించి కూడా అడగండి. కోప్పడితే మాత్రం నిజం చెప్పరు.

చిన్నపిల్లలకే చెవిపోటు ఎక్కువ ఎందుకు?

మధ్యచెవిని ముక్కు వెనక భాగంతో కలిపే యూస్టేషియన్ నాళం వల్ల. పెద్దవాళ్లలో అది 36 మిల్లీమీటర్ల పొడవుతో, సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. పిల్లల్లో పొట్టిగా, వెడల్పుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. ముక్కు వెనక అడినాయిడ్స్ కూడా అప్పుడే పెద్దవిగా ఉంటాయి. పడిశం పట్టిన రాత్రే చెవిపోటు ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైందిగా. పడుకోబెట్టి సీసా పాలు పట్టొద్దని తల్లికి చెప్పండి.

దీనికి తిరగేసిన విషయం ఒకటి: పెద్దవాళ్లలో ఒక్క చెవిలోనే నీరు చేరి దిబ్బడగా ఉందంటే ముక్కు వెనక నాసోఫారింక్స్ చూడకుండా పంపకండి. అక్కడి క్యాన్సర్ మొదట చెవి జబ్బులా కనిపించడం మామూలే.

ముక్కులోంచి రక్తం వస్తుంటే తల పైకెత్తి నీళ్లు పోయడం సరైనదేనా?

కాదు. తల పైకెత్తితే రక్తం ఆగదు, గొంతులోకి దిగుతుంది, తర్వాత రక్తపు వాంతి అవుతుంది. కూర్చోబెట్టి, ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో 10 నిమిషాలు గట్టిగా పట్టుకోమనండి. నోటితో ఊపిరి తీసుకోవాలి, మధ్యలో వదిలి చూడకూడదు. చాలామంది పైన ఎముక దగ్గర పట్టుకుంటారు, దానివల్ల ఉపయోగం లేదు. రక్తం వచ్చేది ఎక్కువగా ముక్కు నడిమి గోడ అయిన సెప్టమ్ ముందు కింది భాగంలోని లిటిల్స్ ఏరియా నుంచి. అక్కడ కలిసే నాలుగు ధమనులు: యాంటీరియర్ ఎత్‌మాయిడల్, స్ఫీనోపాలటైన్, గ్రేటర్ పాలటైన్, సుపీరియర్ లేబియల్ సెప్టల్ శాఖ.

పిల్లవాడైతే ముక్కులో వేలు పెట్టే అలవాటు అడగండి. పెద్దాయనైతే బీపీ, రక్తం పలచబరిచే మాత్రలు. పద్నాలుగు, పదిహేనేళ్ల మగపిల్లాడికి ఒక వైపు ముక్కు దిబ్బడ, మాటిమాటికీ రక్తం అంటే జువెనైల్ యాంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల గడ్డ గుర్తుకు రావాలి. దానికి ఓపీలో బయాప్సీ తీయొద్దు, రక్తం ఆపడం కష్టం.

సైనస్‌లో చీము ఎందుకు ఊరికే బయటికి రాదు?

బుగ్గ వెనకాల ఉండే మాక్సిల్లరీ సైనస్ తలుపు కింద లేదు, పైకప్పు దగ్గర ఉంది. నీళ్ల ట్యాంకుకు కుళాయి పైన బిగించినట్టు. సీలియా అనే సన్నటి నూగు శ్లేష్మాన్ని పైకి తోసుకెళ్లాలి. జలుబుతో ఆ తలుపు వాచి మూసుకుంటే లోపలిది లోపలే. ఫ్రంటల్, మాక్సిల్లరీ, ముందు ఎత్‌మాయిడ్ సైనస్‌లు ముక్కు పక్క గోడలోని మిడిల్ మియేటస్ అనే సందులోకి తెరుచుకుంటాయి. కాబట్టి ఎండోస్కోప్ పెట్టగానే చూడాల్సింది అదే. పైపన్ను పుచ్చిపోయినా అదే సైనస్‌లో చీము పట్టొచ్చు, పళ్లు కూడా చూడండి.

బ్లాక్ ఫంగస్ అంటే ఫంగస్ నల్లగా ఉంటుందా?

ఉండదు. మ్యూకార్ జాతి ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది, రక్తం అందక చచ్చిపోయిన కణజాలం నల్లబడుతుంది. 2021 మేలో కోవిడ్ రెండో వేవ్ సమయంలో హైదరాబాద్ కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిని తెలంగాణలో ఈ జబ్బుకు నోడల్ కేంద్రం చేశారు. అదుపులో లేని షుగర్, దాని మీద స్టెరాయిడ్లు, ఈ రెండూ కలిసిన చోట ఫంగస్ చెలరేగింది.

ఇప్పుడు కూడా షుగర్ రోగి ఒక పక్క బుగ్గ మొద్దుబారిందనో, కన్ను వాచిందనో, పన్ను కదులుతోందనో అంటే నోరు తెరిపించి అంగిలి చూడండి. మైక్రోస్కోప్‌లో వెడల్పాటి, అడ్డుగోడలు లేని హైఫే (ఫంగస్ పోగులు), దాదాపు లంబకోణంలో కొమ్మలు కనిపిస్తాయి. యాంఫోటెరిసిన్ బి, చచ్చిన భాగాన్ని తీసేయడం, షుగర్ అదుపు, మూడూ ఒకేసారి నడవాలి.

టాన్సిల్స్ పెద్దగా ఉంటే తీసేయాలా?

సైజు ఒక్కటే చూసి కాదు. ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి 5 సార్లు, లేదా మూడేళ్లు ఏడాదికి 3 సార్లు గట్టి ఇన్ఫెక్షన్ వస్తే ఆలోచిస్తాం. నిద్రలో ఊపిరి ఆగేంత అడ్డం పడితే అది వేరే కారణం. ఆపరేషన్ తర్వాత మొదటి 24 గంటల్లో పిల్లవాడు నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లేపి గొంతు చూడండి, రక్తం మింగుతూ ఉండొచ్చు. తర్వాత చెవిపోటు అంటే చెవిలో వెతకొద్దు, అది గ్లాసోఫారింజియల్ నెర్వ్ మోసుకొచ్చిన నొప్పి.

గొంతు బొంగురు పోతే ఎప్పుడు భయపడాలి?

మూడు వారాలు దాటితే స్వరపేటికను చూసి తీరాలి, చుట్టా బీడీ అలవాటు ఉంటే ఇంకా తొందరగా. స్వరపేటిక లోపలి కండరాల్లో క్రికోథైరాయిడ్ తప్ప అన్నింటికీ రికరెంట్ లారింజియల్ నెర్వే. ఎడమది అయోర్టా కింది నుంచి చుట్టి వస్తుంది కాబట్టి ఊపిరితిత్తుల క్యాన్సర్, ఉబ్బిన గుండె గది కూడా దాన్ని నొక్కగలవు. అందుకే ఎడమ తంత్రి కదలకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయిస్తాం. తంత్రుల్ని విడదీసే కండరం పోస్టీరియర్ క్రికోఅరిటినాయిడ్ ఒక్కటే. రెండు వైపులా నరాలు దెబ్బతింటే గొంతు బాగానే ఉన్నా ఊపిరి ఆడదు.

శ్రీకాకుళం, విశాఖ వైపు పోస్టింగ్ అయితే పెద్దవయసు ఆడవాళ్లను అడ్డచుట్ట తాగుతారా అని మర్యాదగా అడగండి. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలికి నేరుగా వేడి తగులుతుంది, అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనిపించేది ఇందుకే. పళ్ల సెట్టు ఉంటే తీయించి మరీ చూడండి.

పిల్లలు చెవిలో, ముక్కులో ఏదో పెట్టుకుని వస్తారు. మొదట ఏం చేయాలి?

ఏం పెట్టుకున్నారో కనుక్కోండి, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. చెవిలో బతికున్న పురుగైతే, కర్ణభేరికి రంధ్రం లేదని తెలిస్తే, ముందు నూనె చుక్కలు వేసి చంపి అప్పుడు తీయాలి. బఠాణీ, శనగగింజ అయితే నీళ్లు కొట్టొద్దు, నాని ఉబ్బుతుంది. బటన్ బ్యాటరీ అయితే ఎమర్జెన్సీ, కొన్ని గంటల్లో ముక్కు సెప్టమ్‌కు, అన్నవాహికకు రంధ్రం పెట్టగలదు. ఒక వైపు ముక్కులోంచే కుళ్లు వాసనతో చీమిడి కారే పిల్లాడికి లోపల ఏదీ లేదని తేలే వరకు యాంటీబయాటిక్ రాయొద్దు.

వేరుశనగ, సీతాఫలం గింజ నోట్లో పెట్టుకుని ఆడుతూ ఉన్నట్టుండి దగ్గి, తర్వాత మామూలైపోయాడంటే ఇంటికి పంపకండి. గింజ కుడి ఊపిరితిత్తికి పోయే గొట్టంలో, అంటే కుడి బ్రాంకస్‌లో కూర్చుని ఉండొచ్చు, అది వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. ఎక్స్‌రేలో గింజ కనిపించదు. రెండు వైపులా ఊపిరి సమానంగా వినిపిస్తోందా అని స్టెతస్కోప్ పెట్టి ఓపికగా వినండి.

"మా వాడికి మాటలు ఆలస్యంగా వస్తాయి, మా ఇంట్లో అందరికీ అంతే" అంటే?

వినికిడి పరీక్ష చేయించకుండా ఆ మాటకు తల ఊపొద్దు. నెల లోపు స్క్రీనింగ్, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు, ఇదీ లెక్క. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు పసికందు నిద్రపోతుండగానే చేయొచ్చు. మేనరికం ఉందా అని అడగండి, పుట్టుచెవుడుకు మన దగ్గర అది నిజమైన కారణం. నరాల చెవుడుకు ముందు హియరింగ్ ఎయిడ్, సరిపోకపోతే కాక్లియర్ ఇంప్లాంట్. ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకు ఇంప్లాంట్ ఆపరేషన్లు జరిగాయని చాలా కుటుంబాలకు తెలియదు, మీరే చెప్పాలి. ఏళ్లు గడిచేకొద్దీ మెదడు మాట నేర్చుకునే శక్తి తగ్గుతుంది.

నుదుటికి కట్టుకునే హెడ్ మిర్రర్‌తో నాకు ఏమీ కనిపించడం లేదు. అందరికీ ఇలాగే ఉంటుందా?

మొదటి పది రోజులు అందరికీ అంతే. అద్దం కుడి కంటి మీదకు, కంటికి దాదాపు తగిలేంత దగ్గరగా రావాలి. రంధ్రంలోంచి కుడి కంటితో చూడాలి, ఎడమ కన్ను మూయకూడదు. లైటు రోగి ఎడమ భుజం వెనక, కాస్త పైన ఉండాలి. అద్దం ఫోకల్ లెంగ్త్ 25 సెంటీమీటర్ల దగ్గర కాబట్టి అంత దూరంలో కూర్చోండి, ముందుకు వంగితే వెలుగు చెదురుతుంది. హాస్టల్ గదిలో ఒక ఖాళీ అగ్గిపెట్టె లోపల చిన్న అక్షరాలు రాసి, టేబుల్ లైటు పెట్టుకుని, తల కదపకుండా చదవడం అలవాటు చేసుకోండి. మాన్యువల్ గార్సియా అనే సంగీతం మాస్టారు 1854లో పంటి డాక్టర్ వాడే చిన్న అద్దంతో, సూర్యకాంతితో తన స్వరతంత్రుల్ని తానే చూసుకున్నాడు. అద్దాన్ని నోట్లో పెట్టే ముందు వేడి చేసి, మీ చేతి వెనక్కి తాకించి చూసుకోవడం మాత్రం మరిచిపోకండి.